టీవీలో చూపించే చావులు నిజంగా జరుగుతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్నానాల తొట్టిలో హెయిర్ డ్రయ్యర్ పడుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి, ఇల్లంతా చీకటి, మనిషి పోతాడు. ఇంకో సీరియల్‌లో సిరంజిలో ఒక్క గాలి బుడగ. మరోదాంట్లో చెడ్డ వార్త చెవిన పడగానే గుండె పట్టుకుని కూలిపోవడం. వీటిలో కొన్ని ఉత్త కల్పన, కొన్ని సగం నిజం, ఒకటి మాత్రం నమ్మబుద్ధి కాదు గానీ పూర్తిగా నిజం. ఎక్కువమంది అడిగే ప్రశ్నలను ఒకచోట చేర్చాం.

ఒక సన్నివేశం సాధ్యమా కాదా అని ఎలా తేల్చుకోవాలి?

ముందు గడియారం చూడండి. గుండె కొట్టుకోవడం ఆగాక కూడా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో మనిషికి సుమారు 10 నుంచి 15 సెకన్లు స్పృహ ఉంటుంది. ఆ తర్వాత నాలుగైదు నిమిషాలకు మెదడు కణాలు కోలుకోలేనంతగా దెబ్బతినడం మొదలవుతుంది. టీవీ ఈ రెండు వ్యవధులనూ మింగేస్తుంది. చావును క్షణంలో ముగించేస్తుంది, కాపాడే ప్రయత్నాన్ని అనవసరం చేసేస్తుంది. అసలు సైన్సు చెప్పేది దీనికి తలకిందులు: చాలా చావులకు సమయం పడుతుంది, ఆ సమయంలో పక్కనున్నవాళ్లు చేయగలిగింది చాలా ఉంటుంది.

తెర మీద ఎవరైనా కూలగానే ఇవి అడగండి. గుండె లయ తప్పిందా? ఊపిరి ఆగిందా? రక్తం పోతోందా? ఇవేవీ కాకపోతే ఊపిరిని నడిపే మెదడు కాండానికి (మెదడు అడుగు భాగానికి) నేరుగా దెబ్బ తగిలిందా? ఈ నాలుగూ లేకుండా రెప్పపాటులో ప్రాణం పోయిందంటే అది కథకుడి అవసరం తప్ప శరీరం చేసే పని కాదు.

తొట్టిలో హెయిర్ డ్రయ్యర్ పడితే చావు తప్పదా?

ప్రమాదం నిజం. చూపించే తీరు తప్పు.

ప్రాణం తీసేది గుండె గుండా పారే కరెంటు, అది ఎంతసేపు పారిందన్నదీ. పొడి చర్మం వేల ఓమ్‌ల నిరోధంతో అడ్డుపడుతుంది. నీళ్లలో నానిన చర్మానికి ఆ శక్తి దాదాపు పోతుంది. అప్పుడు లెక్కకు మిగిలేది శరీరం లోపలి నిరోధమే, సుమారు 500 నుంచి 1,000 ఓమ్‌లు. 230 వోల్టులను 1,000తో భాగిస్తే 230 మిల్లీయాంపియర్లు. చేతి నుంచి కాలికి 50 నుంచి 100 మిల్లీయాంపియర్ల ఏసీ కరెంటు ఒక సెకను పైన పారినా గుండె కింది గదులు కొట్టుకోవడం మాని గజగజ వణకడం మొదలుపెట్టవచ్చు. దీన్నే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె కదులుతూనే ఉంటుంది, రక్తం మాత్రం ముందుకు పోదు.

అయితే అంతా కరెంటు ఎంచుకునే దారి మీద ఉంటుంది. తొట్టి ప్లాస్టిక్‌దై, ఎక్కడా ఎర్త్ తగలకపోతే, కరెంటులో ఎక్కువ భాగం డ్రయ్యర్‌లోని ఫేజ్ తీగ నుంచి అందులోనే ఉన్న న్యూట్రల్ తీగకు, ఆ పరికరం చుట్టూ ఉన్న నీళ్లలోనే తిరుగుతుంది. అదే మనిషి చెయ్యి లోహపు కుళాయి మీద ఉంటే, లేదా అడుగున నీళ్లు పోయే గొట్టం లోహందై భూమికి కలిసి ఉంటే, ఒళ్లే తీగ అవుతుంది. ఒకే ఇంట్లో ఒకే డ్రయ్యర్‌తో ఒకరు జలదరింపుతో బయటపడటం, ఇంకొకరు ప్రాణం పోగొట్టుకోవడం సాధ్యమే. బతికినవాళ్ల కథ విని "ఏం కాదులే" అనుకోవడం అందుకే తప్పు.

మరి ఫ్యూజు కొట్టేయాలి కదా?

మామూలు ఎంసీబీ (ఇప్పటి ఇళ్లలో ఫ్యూజు బదులు ఉండే స్విచ్) కొట్టేయకపోవచ్చు. అది తీగలు కాలిపోకుండా చూసే సాధనం, మనిషిని కాపాడేది కాదు. 16 యాంపియర్ల ఎంసీబీ దృష్టిలో 0.2 యాంపియర్ అంటే ఏమీ కాదు, దానికి తెలియను కూడా తెలియదు.

మనిషిని కాపాడేది ఆర్‌సీడీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు మొత్తం న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని అది క్షణక్షణం పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీయాంపియర్లకు చేరితే 0.3 సెకను లోపు, లీకేజీ దానికి అయిదు రెట్లుంటే 0.04 సెకను లోపు లైను తెంచేస్తుంది. ఇదే పని చేసేందుకు అమెరికాలో వాడే జీఎఫ్‌సీఐ ఇంకా సున్నితం, సుమారు 5 మిల్లీయాంపియర్లకే పనిచేస్తుంది. ఒక మెలిక ఉంది: పైన చెప్పిన ప్లాస్టిక్ తొట్టిలో కరెంటు ఎర్త్‌కు పోవడం లేదు కాబట్టి తేడా కనిపించదు, ఆర్‌సీడీ ఊరుకోవచ్చు. మనిషి కుళాయి ముట్టుకున్న క్షణాన అది తెగుతుంది. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడాలి. ఏళ్ల తరబడి కదలని ఆర్‌సీడీ అవసరమైన రోజున బిగుసుకుపోయి ఉండవచ్చు.

స్విచ్ ఆపి ఉన్నా ప్లగ్ పెట్టి ఉంటే డ్రయ్యర్‌లో స్విచ్ దాకా ఫేజ్ ఉంటుంది. నీళ్లకు స్విచ్‌తో పని లేదు. అందుకే అమెరికాలో 1991 నుంచి, స్విచ్ వేసి ఉన్నా ఆపి ఉన్నా నీటిలో పడగానే లైను తెంచే రక్షణ హెయిర్ డ్రయ్యర్లకు తప్పనిసరి అయ్యింది. అక్కడి డ్రయ్యర్ల ప్లగ్ అంత లావుగా ఉండటానికి కారణం అదే. ఛార్జర్‌కు తగిలించిన ఫోన్‌తో తొట్టిలో దిగి చనిపోయినవాళ్లు ఉన్నారు. ఆ తీగ పొడవునా, అడాప్టర్‌లో, ఎక్స్‌టెన్షన్ పెట్టెలో ఎక్కడ తడి తగిలినా కథ అదే.

కళ్లెదుట ఇలా జరిగితే నీళ్లలో చెయ్యి పెట్టవద్దు. మెయిన్ ఆపండి. తర్వాత మనిషిని బయటికి లాగి ఊపిరి చూడండి. లేకపోతే అంబులెన్సుకు ఫోన్ చేయించి ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. నిప్పురవ్వల కోసం ఎదురుచూడకండి. అసలు సంఘటన తరచు నిశ్శబ్దంగా ఉంటుంది: కండరాలు బిగుసుకుంటాయి, పది సెకన్లలో తల వాలిపోతుంది.

మానిటర్ మీద గీత సాపుగా అయిపోయాక షాక్ ఇచ్చి బతికిస్తారు కదా?

టీవీ వైద్యంలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే తప్పు ఇదే. గీత సాపుగా ఉందంటే గుండెలో విద్యుత్తు పుట్టడమే లేదు. షాక్ చేసే పని, పిచ్చిగా వణుకుతున్న గుండె కణాలన్నిటినీ ఒక్కసారి నిశ్శబ్దం చేయడం. అప్పుడు గుండె సొంత పేస్‌మేకర్, అంటే లయను పుట్టించే కణాల గుంపు, మళ్లీ లయ అందుకుంటుంది. అసలే నిశ్శబ్దంగా ఉన్నదాన్ని ఇంకా ఏం నిశ్శబ్దం చేస్తారు? షాక్‌కు లొంగేవి రెండే: ఫిబ్రిలేషన్, నాడి అందని వెంట్రిక్యులర్ టాకీకార్డియా (గుండె కింది గదులు మితిమీరిన వేగంతో కొట్టుకోవడం). ఇప్పటి యంత్రాలు సాధారణంగా 120 నుంచి 200 జౌళ్లు ఇస్తాయి. సాపు గీతకు చేసేది ఆపకుండా ఛాతీ నొక్కడం, 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్, అసలు కారణం వెతకడం. వీటికంటే ముందు ఎలక్ట్రోడ్ తీగ ఊడిందేమో చూస్తారు.

ఛాతీ నొక్కడాన్నీ టీవీ పాడుచేస్తుంది. ఎదురుగా ఉన్నది బతికున్న నటుడు కాబట్టి మోచేతులు వంచి, పైపైన తడుముతారు. అసలు పద్ధతిలో మోచేతులు నిటారుగా ఉండాలి, ఛాతీ మధ్య ఎముక 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ప్రతి నొక్కుకూ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. ఈ వేగంలో రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి. మనుషులు మారుతుండాలి. పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించవచ్చు, అయినా ఆపకూడదు. ఫిబ్రిలేషన్‌లో షాక్ అందడం ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ, ఎవరూ ఛాతీ నొక్కకపోతే, బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

బంతి ఛాతీకి తగిలి ఆటగాడు చనిపోతాడా? ఎముక కూడా విరగకుండా?

నమ్మబుద్ధి కాని నిజం అన్నది దీని గురించే. పేరు కమోషియో కార్డిస్. గుండెకు గాయం ఉండదు, ఎముక విరగదు, ఒక్కోసారి చర్మం మీద మచ్చ కూడా ఉండదు. ఉన్నదల్లా దురదృష్టకరమైన సమయం.

ఈసీజీలో ఒక్కో స్పందన చివర చిన్న గుట్టలా కనిపించేది టి తరంగం. గుండె కణాలు తిరిగి ఛార్జ్ అవుతున్న సమయం అది: కొన్ని సిద్ధమై ఉంటాయి, కొన్ని ఇంకా కావు. ఆ గుట్ట శిఖరానికి కాస్త ముందు, దాదాపు 20 మిల్లీసెకన్ల సేపు, గుండె మీద సరిగ్గా పడిన దెబ్బ తానే ఒక విద్యుత్ సంకేతంలా పనిచేసి ఫిబ్రిలేషన్ రేపుతుంది. నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో స్పందన 800 మిల్లీసెకన్లు. అంటే అందులో నలభయ్యో వంతు. అదే దెబ్బ రెప్పపాటు ముందో వెనకో పడి ఉంటే ఆటగాడు ఛాతీ రుద్దుకుని ఆట కొనసాగించేవాడు.

బంతి మరీ వేగంగా రానక్కర్లేదు. పందుల మీద జరిపిన ప్రయోగాల్లో గంటకు 64 కిలోమీటర్ల దగ్గర ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది. ఎక్కువగా బలయ్యేది పదుల వయసు అబ్బాయిలు, వాళ్ల ఛాతీ గోడ ఇంకా మెత్తగా వంగుతుంది కాబట్టి. ఛాతీ కవచాలు ఉన్నా ఇది జరిగింది.

2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు డమార్ హామ్లిన్ ఎదుటి ఆటగాణ్ణి ఢీకొన్నాక లేచి నిలబడ్డారు. కొద్ది సెకన్లలోనే వెనక్కి పడిపోయారు. మొదట చెప్పిన 10 సెకన్ల లెక్క ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది: గుండె ఆగిపోయింది, మెదడుకు ఆ సంగతి ఇంకా తెలియలేదు. మైదానంలోనే సీపీఆర్ (ఛాతీ నొక్కి, ఊపిరి ఇవ్వడం), షాక్ అందాయి. ఆయన కోలుకుని మళ్లీ ఆటలోకి వచ్చారు. టీవీ రచయిత ఇదే రాస్తే ప్రేక్షకులు నవ్వేవారేమో. పిల్లల ఆటస్థలంలో ఏఈడీ యంత్రం (లయను తానే చూసి షాక్ ఇచ్చేది) ఎక్కడుందో పెద్దలకు తెలిసి ఉండటం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

చెడ్డ వార్త వినగానే గుండె ఆగుతుందా?

అరుదుగా, కానీ మూడు దారుల్లో. ఒకటి టాకోత్సుబో. 1990లో జపాన్ వైద్యులు దీన్ని వర్ణించారు. ఉద్వేగంలో ఒంట్లో పుట్టే అడ్రినలిన్ ఉప్పెనలా వచ్చి పడితే గుండె ఎడమ కింది గది కొస పనిచేయడం మాని ఉబ్బుతుంది, ఆ గది మెడ మాత్రం సన్నగా ముడుచుకుంటుంది. జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారం అదే, పేరూ దానిదే. రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది స్త్రీలు, చాలామంది ముట్లుడిగినవారు. అచ్చం గుండెపోటులా ఉంటుంది, కానీ ఎక్కువమంది కొన్ని వారాల్లో కోలుకుంటారు. రెండోది, రక్తనాళాల్లో ముందే కొవ్వు పేరుకున్నవారికి ఆ ఉద్వేగం వల్ల పూడిక చిట్లి గడ్డ కట్టడం. మూడోది పుట్టుకతో వచ్చే లాంగ్ క్యూటీ జబ్బు, అంటే గుండె కణాలు తిరిగి ఛార్జ్ కావడానికి ఎక్కువ సమయం పట్టడం. అందులో ఒక రకం ఉన్నవారికి అలారం గడియారమో ఫోనో ఉన్నట్టుండి మోగితే చాలు, లయ తప్పవచ్చు.

ఎడమ రొమ్ము పట్టుకుని మూడు సెకన్లలో నేలకొరగడం మాత్రం నటనే. గుండెపోటు నొప్పి సాధారణంగా ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు వస్తుంది, దవడకో చేతికో పాకుతుంది, చెమటలు పడతాయి, నిమిషాల నుంచి గంటల దాకా సాగుతుంది. ఇంట్లో ఇది కనిపిస్తే "గ్యాస్ అయి ఉంటుందిలే" అని కూర్చోవడమే అసలు ప్రాణాంతకం.

సెలైన్ గొట్టంలో గాలి బుడగ కనిపించింది. ప్రమాదమా?

చిన్న బుడగలకు భయం లేదు. సిరలోకి వెళ్లిన గాలి గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులకు చేరి, అక్కడి సన్నని నాళాల్లో చిక్కి, మెల్లగా ఊపిరిలో కలిసి పోతుంది. ఆపద కలిగించాలంటే గాలి చాలా ఎక్కువగా, వేగంగా చేరి గుండె కుడి గదిలో నురగ కట్టాలి. నురగను గుండె ముందుకు నెట్టలేదు. టీవీ హంతకుడి చిన్న సిరంజికి అది అందే పని కాదు.

మినహాయింపులు ఉన్నాయి. నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకనాటి చిన్న సందు పూర్తిగా మూసుకోదు. అందులోంచి బుడగ ఎడమవైపుకు దాటితే మెదడుకు పోగలదు. మెడ సిరలో పెట్టిన పెద్ద గొట్టం తీసేటప్పుడు రోగి కూర్చుని గట్టిగా ఊపిరి పీలిస్తే బయటి గాలి లోపలికి లాగుకుంటుంది. అందుకే నర్సు రోగిని పడుకోబెట్టి, ఊపిరి వదలమని చెప్పి, గొట్టం తీసి, గాలి చొరబడని కట్టు వేస్తారు. గాలి చేరిందని అనుమానం వస్తే రోగిని ఎడమ పక్కకు తిప్పి, తల కిందికి ఉంచి, పూర్తి ఆక్సిజన్ ఇస్తారు. బుడగ గుండె కొసన నిలిచి దారి వదులుతుంది.

మత్తుమందు రుమాలు ముక్కుకు పెట్టగానే స్పృహ పోతుందా?

పోదు. క్లోరోఫామ్ ఆవిరి రక్తంలో తగినంత చేరడానికి నిమిషాలు పడుతుంది, అంతసేపు మనిషి ఊరుకోడు. 1847లో స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ దీన్ని మత్తుమందుగా వాడుకలోకి తెచ్చారు. తర్వాతి జనవరిలోనే, కాలి గోరు తీసే చిన్న ఆపరేషన్‌లో, 15 ఏళ్ల హన్నా గ్రీనర్ చనిపోయింది. క్లోరోఫామ్ గుండెను అడ్రినలిన్‌కు విపరీతంగా స్పందించేలా చేస్తుంది. భయంతో పెనుగులాడుతున్న మనిషి ఒంట్లో అడ్రినలినే పొంగుతుంటుంది. ఇంగ్లిష్ వైద్యుడు జాన్ స్నో ఆవిరి మోతాదును అదుపులో ఉంచే పరికరం తయారు చేసింది ఈ ప్రమాదం వల్లే. అంటే టీవీ రుమాలు రెండు విధాలా అబద్ధం: అనుకున్నంత త్వరగా పనిచేయదు, పనిచేస్తే అనుకున్నంత సౌమ్యంగా వదిలిపెట్టదు.

తల మీద కొడితే గంటసేపు పడిపోయి, లేచి పరిగెత్తగలరా?

లేదు. కొద్ది నిమిషాలకు మించి స్పృహ లేదంటే మెదడుకు తీవ్రమైన గాయమై ఉండవచ్చు. ఇక్కడ టీవీ చూపించని భయంకరమైన సంగతి ఇంకోటి ఉంది. దెబ్బ తిన్న మనిషి తేరుకుని, మాట్లాడి, అన్నం తిని, కొన్ని గంటల తర్వాత కుప్పకూలవచ్చు. కణత దగ్గర పుర్రె లోపలి ధమని చిరిగి, ఎముకకూ మెదడు పొరకూ మధ్య రక్తం పేరుకోవడం దీనికి కారణం. పదేపదే వాంతులు, ముంచుకొచ్చే మగత, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవడం, చెవిలోంచో ముక్కులోంచో నీళ్లలాంటి ద్రవం కారడం. వీటిలో ఒక్కటి కనిపించినా స్కాన్ అవసరం.

తూటా తగిలితే మనిషి వెనక్కి ఎగిరిపడతాడా?

లెక్క వేద్దాం. 8 గ్రాముల తూటా సెకనుకు 350 మీటర్ల వేగంతో వస్తే ద్రవ్యవేగం (కిలోల్లో బరువును వేగంతో గుణిస్తే వచ్చేది) 2.8. దాన్ని 70 కిలోల మనిషికి పంచితే సెకనుకు 4 సెంటీమీటర్లు. చీమ నడక. పైగా అంత తోపు తూటా పేల్చినవాడికీ తగులుతుంది. నిజంగా తగిలినవాళ్లు ఉన్నచోటే కూలతారు, కొందరు తగిలిందని తెలియక నడుస్తారు. ప్రాణం తీసేది రక్తస్రావం. పెద్దవాళ్లలో ఉండే సుమారు 5 లీటర్లలో 2 లీటర్లు పోతే ప్రాణం మీదికి వస్తుంది. గాయం మీద అరచేతితో గట్టిగా, వదలకుండా నొక్కాలి. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడుతుంది.

పైనుంచి పడిన నాణెం?

చంపదు. గాలి అడ్డుకోవడంతో దాని వేగం ఒక స్థాయి దాటదు. ఆకాశంలోకి పేల్చిన తూటా తిరిగి కింద పడితే మాత్రం చంపగలదు, చంపింది కూడా.

అంతరిక్షంలో సూటు చిరిగితే మనిషి పేలిపోతాడా, గడ్డకడతాడా?

రెండూ జరగవు. శూన్యంలో వేడిని లాక్కుపోయే గాలి లేదు, కాబట్టి ఒళ్లు చాలా మెల్లగా చల్లబడుతుంది. చర్మం ఉబ్బుతుంది, చిట్లదు. రక్తం నాళాల ఒత్తిడిలో ఉంటుంది కాబట్టి అది మరగదు, కానీ బయటికి తెరుచుకున్న తడి మరుగుతుంది. 1966లో నాసా శూన్య గదిలో (గాలి తీసేసిన పరీక్ష గదిలో) సూటును పరీక్షిస్తున్న జిమ్ లెబ్లాంక్ సూటు గొట్టం ఊడిపోయింది. దాదాపు 14 సెకన్లలో స్పృహ తప్పారు. నాలుక మీద ఉమ్మి బుసబుసలాడటం తనకు చివరిగా గుర్తున్నదని తర్వాత చెప్పారు. వెంటనే గాలి నింపడంతో బతికారు. 1971 జూన్ 30న సోవియట్ నౌక సోయుజ్ 11 వ్యోమగాములు ముగ్గురికి ఆ అవకాశం రాలేదు. ఒక వాల్వు ముందే తెరుచుకుని గాలంతా పోయింది, వాళ్ల ఒంటి మీద సూట్లు లేవు.

ఇలాంటప్పుడు ఊపిరి బిగబట్టడం అన్నిటికంటే పెద్ద తప్పు. లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చించేస్తుంది. నోరు తెరిచి వదిలేయాలి.

ఊబి మనిషిని పూర్తిగా మింగేస్తుందా?

మింగలేదు. ఊబి సాంద్రత మనిషి ఒంటికి దాదాపు రెట్టింపు, కాబట్టి నడుము దాకా దిగి తేలుతాం. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో ఇది చూపించారు. బిగుసుకున్న కాలిని సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున లాగాలన్నా కారు ఎత్తేంత బలం కావాలని కూడా తేల్చారు. అందుకే తాడు కట్టి గుంజితే గాయాలే మిగులుతాయి. వెనక్కి వాలి, చేతులు చాపి, కాలిని చిన్నచిన్నగా ఆడిస్తూ చుట్టూ నీరు చేరనివ్వాలి. ఒక కాలు తేలాక రెండోది. తొందర పనికిరాదు, సముద్రపు ఒడ్డున పోటు వస్తున్నప్పుడు తప్ప. ఊబిలో చనిపోయేవాళ్లను ఎక్కువగా చంపేది ఆ నీరే, లేదా చలి.

విషం గుక్క వేయగానే, పాము కాటేయగానే?

మింగింది పేగు నుంచి రక్తంలోకి చేరాలి. వేగంగా పనిచేసే విషాలకూ నిమిషాలు పడుతుంది, చాలావాటికి గంటలు. బలవంతంగా వాంతి చేయించవద్దు, సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. పాము కాటుకు కోయడం, పీల్చడం, బిగించి కట్టడం హాని చేస్తాయి. కాటు పడిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి విరుగుడు మందు ఉన్నచోటికి చేర్చాలి.

మునిగిపోయేవాళ్లు "కాపాడండి" అని అరుస్తారు కదా?

అరవగలుగుతున్నారంటే ఇంకా ఊపిరి ఉంది. నిజంగా మునుగుతున్న మనిషి మౌనంగా ఉంటాడు. నోరు నీటి పైకి వచ్చిన అరక్షణంలో గాలి పీల్చడమే సరిపోదు, ఇక అరవడం ఎక్కడ. చేతులు ఊపడు. అవి రెండు పక్కలా నీటిని కిందికి అదుముతుంటాయి, అది మన వశంలో లేని చర్య. ఒళ్లు నిటారుగా, తల వెనక్కి వాలి, జుట్టు కళ్ల మీద పడి ఉంటుంది. ఇలా 20 నుంచి 60 సెకన్లు, తర్వాత మునక. దగ్గరలో ఉన్న తల్లిదండ్రులకు పిల్ల ఆడుకుంటున్నట్టే కనిపిస్తుంది. అల్లరి చేస్తున్న పిల్లలు ఒక్కసారి నిశ్శబ్దమైతే చూడాల్సింది అప్పుడే.

తేలేదేదైనా విసరండి, కర్రో తువ్వాలో అందించండి. ఈత బాగా వచ్చినా ఉత్త చేతులతో దూకితే ఇద్దరూ మునగవచ్చు. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే టీవీ పద్ధతి వద్దు. ఆ నీటితో కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక్కడ లోటు ఆక్సిజన్‌ది కాబట్టి ముందు నోటి ద్వారా అయిదు ఊపిర్లు ఇచ్చి, తర్వాత 30 నొక్కులకు 2 ఊపిర్ల చొప్పున సాగించాలి. దగ్గి, కళ్లు తెరిచి, మాట్లాడుతున్నా ఇంటికి తీసుకెళ్లకండి. లోపలికి చేరిన కాస్త నీరే కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకుండా చేయవచ్చు, ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచాల్సింది అందుకే.